దుడ్డుకఱ్ఱయు నీ దండమును

తెల్లచీర, భుజాన గుడ్డసంచి, చేతిలో నల్లగొడుగు. మిషను పల్లెల్లో పెరిగినవాళ్ళకి ఈ మూడూ చెబితే చాలు, మిగతా బొమ్మ వాళ్ళే గీసుకుంటారు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి బైబిలు నేర్పే ఆమె, మిషను రిపోర్టు కాగితాల్లో 'బైబిలు స్త్రీ'. ఇళ్ళలో 'బైబిలు ఉమన్‌గారు'. సంఘంలో అయ్యగారంటే పాస్టరు, అమ్మగారంటే ఆయన భార్య. ఈమెకి ఆ రెండు పీటల్లో ఏదీ లేదు. అయినా అక్షరం రాని ఆడవాళ్ళ నోట కీర్తనలూ ఆజ్ఞలూ సువార్త వాక్యాలూ నిలబెట్టింది ఈమే. ఆదివారం విన్న ప్రసంగం బుధవారానికి గుర్తులేని అవ్వలు, ఈమె నేర్పిన కీర్తనని మంచాన పడ్డాక కూడా తడుముకోకుండా చెప్పారు. ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. దాన్ని కాగితం మీద పెట్టినవాళ్ళు తక్కువ. అందుకే గుర్తున్నంత మేరకు ఇక్కడ రాసిపెడుతున్నాను.

ముందు ఆ సంచి. అందులో పెద్దక్షరాల బైబిలు ఒకటి, కీర్తనల పుస్తకం, విడివిడిగా అచ్చయిన సువార్త పుస్తకాలు కొన్ని, ఒక పెన్సిలు, రిపోర్టు పుస్తకం. బొమ్మల చుట్ట ఉంటే అది సంచిలో పట్టదు, చంకలో ఉండేది. రిపోర్టు పుస్తకంలో రోజూ నాలుగు గళ్ళు నింపాలి: వెళ్ళిన ఊరు, ఎన్ని ఇళ్ళు, విన్నవాళ్ళెందరు, ఏ వాక్యం నేర్పింది. నెలాఖరుకి అది మిస్సమ్మగారి (మిషనరీ దొరసానిగారి) బల్ల మీదకి వెళ్ళేది. నాలుగో గడి చాలా ముఖ్యం. ఏ ఇంట్లో ఎంతదాకా చెప్పిందో అందులో లేకపోతే, వచ్చేవారం మళ్ళీ మొదటి వచనం దగ్గరే మొదలవుతుంది. విన్నవాళ్ళకి విసుగొస్తుంది, తలుపు దగ్గరకేస్తారు.

వేళ తెలియడం సగం పని. కూలికెళ్ళే ఆడవాళ్ళు పొద్దున దొరకరు. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో సాయంత్రం కూడా ఒళ్ళు అలిసిపోయి ఉంటారు, కూర్చున్నచోటే కునుకు తీస్తారు. అందుకని ఆ నెలల్లో కొత్త పాఠం ఎత్తుకునేది కాదు, పాతవే చెప్పించేది. పట్నాల్లో ఘోషా ఇళ్ళకి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, మగవాళ్ళు పనులమీద బయటికెళ్ళాక వెళ్ళేది. అక్కడ చదువూ కుట్టుపనీ కూడా నేర్పాలి. ఊళ్ళో కొన్ని ఇళ్ళలో ఆమెకి అరుగు దాకానే చోటు. బైబిలు స్త్రీలలో చాలామంది మాల మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్ళు. అరుగు మీద కూర్చుని, గడప లోపలున్న ఇల్లాలికి వినబడేలా, వీధిలోవాళ్ళకి అరుపులా అనిపించకుండా గొంతు సరిచూసుకుని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. అలా ఏళ్ళ తరబడి చెప్పారు.

ఇక కంఠస్థం. బైబిల్లోని కీర్తనల్లో మొదట నేర్పేది ఎప్పుడూ 23వదే. ఆరు వచనాలు, చిన్నది, గొర్రెల మందని చూడని వాళ్ళెవరూ లేరు. మొదటిసారి ఆమె మొదటినుంచి చివరిదాకా ఆపకుండా చెబుతుంది. ఎవర్నీ కూడా అననివ్వదు. "ఊరికే వినండమ్మా" అంటుంది. కీర్తన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెవికి ముందు తెలియాలి. తర్వాత మొదటి వచనాన్ని ఊపిరి ఆగేచోట రెండుగా విరిచి, ఒక్కో ముక్కా మూడుసార్లు చెప్పి చెప్పిస్తుంది. రెండు ముక్కలూ కలుపుతుంది. రెండో వచనం వచ్చాక మళ్ళీ మొదటి వచనం నుంచి. ఏ వచనానికెళ్ళినా మొదటికి రావలసిందే, గొలుసులాగా. ఒక రాకకి రెండు వచనాలు, అంతే. ఎంత చురుకైనవాళ్ళున్నా మూడోది ఇవ్వదు. మూడు రాకలకి ఆరు వచనాలూ అయిపోతాయి, నాలుగో రాక వట్టి అప్పజెప్పుకోవడానికే.

అప్పజెప్పేటప్పుడు గుంపుగా చెప్పిస్తే ఒక చిక్కుంది. గట్టి గొంతులు రెండుంటే మిగతావాళ్ళు పెదాలు కదిపి ఊరుకుంటారు. పైకి అందరికీ వచ్చినట్టే ఉంటుంది. అందుకని ఒక్కొక్కళ్ళనే అడగాలి. సిగ్గరిని మొదట అడిగితే బెదిరిపోతుంది, చివర అడిగితే అప్పటిదాకా గుండె దడతో ఉన్నది కూడా మరిచిపోతుంది. రెండోదిగానో మూడోదిగానో అడగాలి. మధ్యలో ఆగిపోతే మాట అందించకూడదు. మనసులో మెల్లగా అయిదు లెక్కపెట్టేదాకా చూడాలి. చాలాసార్లు నాలుగో అంకె దగ్గర ఆ మాట అదే వస్తుంది. అందిస్తే మాత్రం, వచ్చేవారం సరిగ్గా అక్కడే ఆగుతుంది.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో ఆమెకి ముందే తెలుసు. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు." ఈ 'లేమి' ఇళ్ళలో అనుకునే మాట కాదు. చెవిలో పడేది 'ఏమి'. అందుకే పల్లెల్లో ఎంతోమంది "నాకేమీ కలుగదు" అనే చెప్పేవాళ్ళు. కాపరి ఉన్నాడు కాబట్టి నాకేమీ కాదు అని వాళ్ళకి వాళ్ళే అర్థం కూడా చెప్పుకునేవాళ్ళు. ఆ అర్థం చెడ్డదేం కాదు గానీ వాక్యం అది కాదు. లేమి అంటే లేకపోవడం, బీదరికం. "మీ ఇంట్లో కలిమి ఉందా, లేమి ఉందా?" అని అడిగేది. కలిమి పక్కన పెట్టగానే లేమి దానంతటదే తెలిసిపోయేది.

నాలుగో వచనం ఇంకా గడ్డు. "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును." దండమంటే మనం పెట్టే దండమే అనుకుంటారు. దేవుడు మనకి దండం పెట్టడమేమిటని నోరు నొక్కుకున్నవాళ్ళున్నారు. రాయలసీమలో దుడ్డంటే డబ్బు కాబట్టి అక్కడ చిక్కు రెండింతలు. బైబిలు స్త్రీ మాటలతో వివరించబోయేది కాదు. గొర్రెలు కాసే అతన్ని ఒకసారి పిలిపించి చేతికర్రలు చూపించమనేది, లేదా చూరులోంచి రెండు కర్రలు లాగేది. పొట్టిగా లావుగా ఉన్నది దుడ్డుకర్ర, తోడేలు వస్తే దాని నెత్తిన పడేది. పొడుగ్గా సన్నగా ఉన్నది దండం, పక్కకి పోయే గొర్రెని దారిలోకి మళ్ళించేది. ఒకటి శత్రువుకి, ఒకటి గొర్రెకి. రెండూ చేత్తో పట్టుకున్నాక ఆ వచనం మరిచిపోయినవాళ్ళు లేరు.

అయిదో వచనానికి వచ్చేసరికి ఆమెకి పనే ఉండేది కాదు. "నూనెతో నా తల అంటియున్నావు." తలంటంటే తెలియని తెలుగు ఆడమనిషెవరు! చంటిబిడ్డకి, బాలింతకి, పండుగనాటి ఆడపడుచుకి నూనె పెట్టి అంటిన చేతులవి. దేవుడు తన తల అంటాడని విన్నప్పుడు కొందరు కళ్ళొత్తుకునేవాళ్ళు. పండితుల వ్యాఖ్యానాలు ఎన్ని చదివినా ఆ వచనం అంత దగ్గరగా అందదని నా నమ్మకం.

23 తర్వాత 1వ కీర్తన, 121. అవి నిలిచాక 91, ఆపైన 51, 103. ఎనిమిది వచనాల 121 దాకా సాఫీగా సాగేది. 91లో పదహారున్నాయి, అక్కడ చాలామంది సగంలో ఆగిపోయేవాళ్ళు. ఆగినచోట బలవంతం చేయకుండా వదిలేసి, ఏడాది తిరిగాక మళ్ళీ ఎత్తుకునేది.

పది ఆజ్ఞలకి పది వేళ్ళు. ఎడమ చిటికెన వేలితో మొదలు. ఒక్కో ఆజ్ఞకి ఒక్కో వేలు మడవాలి. ఇది ఎంత బాగా పనిచేస్తుందో అంత పేచీ కూడా పెడుతుంది. లూథరన్ ప్రశ్నోత్తరిలో "నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము" నాలుగో ఆజ్ఞ. బాప్టిస్టుల లెక్కలో, ఆంగ్లికన్ల లెక్కలో అది అయిదోది. విగ్రహాల మాటని లూథరన్లు మొదటి ఆజ్ఞలోనే కలుపుతారు, చివర ఆశించకూడదన్న దాన్ని తొమ్మిదీ పదీ అని రెండు చేస్తారు. కాబట్టి గుంటూరు వైపు లూథరన్ ఇంట్లో పెరిగిన పిల్ల ఒంగోలు వైపు బాప్టిస్టు ఇంటికి కోడలిగా వస్తే, అత్త బొటనవేలు మడిచినచోట కోడలు చూపుడు వేలు మడుస్తుంది. తప్పు చెప్పిందనుకుంటారు. అనుభవమున్న బైబిలు స్త్రీ ఇద్దరి చేతులూ పక్కపక్కన పెట్టించి, మాటలు అవే, వేళ్ళే జరిగాయని చూపించేది. తెలియని ఆమె అయితే కోడల్ని దిద్దబోయి, దానికి వచ్చింది కూడా పాడుచేసేది.

పరలోక ప్రార్థన పలకడానికి సులువు, అర్థానికి బరువు. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర ఒక్కో ఇంట్లో ఒక్కో ప్రశ్న. షావుకారికి బాకీ ఉన్నవాళ్ళు, ఆయన మన బాకీ మాఫీ చేస్తాడా అని అడిగేవాళ్ళు. ఈ ప్రశ్నని తోసేయకూడదు. మనకి ఎవరు ఏం చేశారు, ఎవరితో మాటలు మానేశాం, ఆ లెక్క అడిగేది ఆమె. చాలాసార్లు ఎదురింటి ఆమె పేరే బయటికొచ్చేది. అంతవరకు చాలని పాఠం ఆపేసేది. ఆ వారం వాళ్ళిద్దరి మధ్యా మాట కలిస్తేనే తరువాయి.

అక్షరాలు నేర్పడం దీని తర్వాత వచ్చేది, ముందు కాదు. నలభై ఏళ్ళ మనిషికి అ ఆలు దిద్దిస్తే వారంలో మానేస్తుంది. నోటికి వచ్చేసిన కీర్తన బైబిల్లో చూపించి వేలు పెట్టించేది. యెహోవా అనే మాట ఎన్నిచోట్ల ఉందో వెతకమనేది. నాలుగు రోజుల్లో య, హ, వ ముఖాలు తెలుస్తాయి. ఇందులో ఒక మోసముంది: నోరు వేలికన్నా ముందు పరుగెత్తుతుంది. చూస్తే గడగడా చదువుతున్నట్టే ఉంటుంది, వేలు మాత్రం రెండు మాటలు వెనకుంటుంది. దానికి మందు ఒక అట్టముక్క. మధ్యలో ఒక మాట పట్టేంత కిటికీ కోసి, పుట మీద ఎక్కడో ఒకచోట పెట్టి, ఇదేమిటని అడగాలి. అప్పుడు చదివితే చదివినట్టు. 'క్రీస్తు' అనే మాటలో రెండు ఒత్తులుంటాయి, అది తొందరగా పెట్టకూడదు. 'యేసు' ముందు. 'కఱ్ఱ'లోని బండి ర పెద్దబాలశిక్ష చదివినవాళ్ళనే ఆపేస్తుంది, కొత్తవాళ్ళకి విడిగా చూపాలి.

మరో మాట. చదువు రాదని వదిలేసినవాళ్ళలో చాలామందికి అడ్డొచ్చింది బుర్ర కాదు, చూపు. నలభై దాటాక దగ్గరవి మసకబారతాయి. పెద్దక్షరాల బైబిలు పట్టుకుని గడప దగ్గర పగటి వెలుతురులో కూర్చుంటే చదవగలిగిన మనిషి, రాత్రి గుడ్డిదీపం దగ్గర అక్షరం పోల్చుకోలేదు. కళ్ళద్దాలు వచ్చాక ఏడాదికి ఒక సువార్త చొప్పున చదివేసిన అవ్వలున్నారు.

పాట గురించి రాయకపోతే సగమే రాసినట్టు. తెలుగు క్రైస్తవులకి పాడే కీర్తనలంటే (బైబిల్లోవి కాదు) పల్లవి, చరణాలు, రాగం, తాళం ఉన్న కీర్తనలే. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) రచనలు ఆ బాటలోవే. సమాసాలు పెద్దవి, అర్థం వెంటనే అందదు, కానీ వరస పట్టుకుంటే మాట వదలదు. బైబిలు స్త్రీ పల్లవి ఒక్కటే మొదటి వారం ఇచ్చేది. అది దంపుళ్ళ దగ్గర, తిరగలి దగ్గర ఎన్నిసార్లు తిరిగేదో లెక్కలేదు. వరస ఊరికో రకంగా మారేది. సాగదీయడం వల్ల తాళం జారిపోతుందని పట్నం నుంచి వచ్చినవాళ్ళు విసుక్కునేవాళ్ళు. రోకలి పోటుకి పాడినప్పుడు మాత్రం ఆ సాగదీతే సరిగ్గా కుదురుతుంది. ఆ వరసలు తప్పులని నేననుకోను.

గట్టిగా ప్రార్థన చేయడం నేర్పేదీ ఆమే. నలుగురిలో నోరు విప్పని ఇల్లాలికి ముందుగా రెండు కొసలు ఇచ్చేది. మొదలు, "ప్రేమగల పరలోకపు తండ్రీ". చివర, "యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్". మధ్యలో ఒక్క వాక్యం తనది. మొదటి నెల స్తుతి వాక్యం మాత్రమే, తర్వాత ఒప్పుకోలు, తర్వాత తన విన్నపం, చివరగా ఇతరుల కోసం విజ్ఞాపన. పాస్టరుగారి గొంతుని అనుకరిస్తూ గ్రాంథికంలో మొదలుపెట్టి, క్రియ ఎక్కడ ముగించాలో తెలియక "ప్రభువా, ప్రభువా" అని తిరిగిపోవడం అందరికీ జరిగేదే. "మీ నాన్నని అడిగినట్టు అడగమ్మా" అనేది. ఆ మాటతో సగం బెరుకు పోయేది.

స్త్రీల సమాజంలో హాజరు పిలిచేటప్పుడు 'ఉన్నాను' అంటే కుదరదు, వాక్యం చెప్పాలి. కొత్తలో అందరిదీ ఒకటే: "యేసు కన్నీళ్లు విడిచెను." ఒకరు చెప్పింది మరొకరు చెప్పకూడదని నియమం పెట్టాక, "ఎల్లప్పుడును సంతోషముగా ఉండుడి", "యెడతెగక ప్రార్థనచేయుడి" వచ్చేవి. అవీ అయిపోయాక పొడుగువి నేర్చుకోక తప్పేది కాదు. పేరు జాబితాలో చివరున్నవాళ్ళకే ఎక్కువ వాక్యాలు వచ్చేవని గమనించినవాళ్ళకి తెలుసు. అందుకే మంచి కార్యదర్శి నెలకోసారి జాబితాని కింది నుంచి పిలిచేది.

గుడికని పక్కన పెట్టే పిడికెడు బియ్యం సంగతి చాలామందికి తెలిసిందే, రెండు మాటల్లో చెబుతాను. పూటకో పిడికెడు, వారానికి పద్నాలుగు, దాదాపు అరకిలో. ఎసట్లో పోసేముందు కొలిచిన బియ్యంలోంచే తీయాలి. వంటయ్యాక తీద్దామంటే మరిచిపోతారు. గుడిలో దొడ్డు బియ్యం, సన్నం, పాతవీ కొత్తవీ ఒకే డబ్బాలో పోస్తే ఉడుకు కుదరదు, కొనేవాళ్ళు ధర తగ్గిస్తారు, అందుకని వేర్వేరు బుట్టలు. ఎన్నో చోట్ల బైబిలు స్త్రీ జీతంలో కొంత ఆ బుట్టల్లోంచే వచ్చింది.

ఈ ఆడవాళ్ళు చరిత్ర పుస్తకాల్లో లేకపోలేదు, వెతకాలంతే. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించింది అయిదుగురు: బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నర్సు అనే పేరుగల ఆయన, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. ఆ కొండని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. జ్యూయెట్ పేరు చెప్పినంత తేలిగ్గా జూలియా, రూతుల పేర్లు ఎవరూ చెప్పరు. రామాపట్నం సెమినరీలో చదువుకునేవాళ్ళ భార్యలకీ తరగతులుండేవి. రాజమండ్రిలో షార్లెట్ స్వెన్సన్ పేరున ఉన్న బైబిలు ట్రైనింగ్ స్కూలు బైబిలు స్త్రీలని తయారుచేయడానికే వెలిసింది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌గారిని తెలుగు లూథరన్లు ఎవరూ మరిచిపోలేదు. మిషను ఆసుపత్రుల్లో మంచాల పక్కన కూర్చుని చదివి వినిపించిన బైబిలు స్త్రీల పేర్లు మాత్రం ఆ రిపోర్టు పుస్తకాల్లోనే ఉండిపోయాయి. పక్క మరాఠీ దేశంలో పండిత రమాబాయిగారు హెబ్రీ, గ్రీకు నేర్చుకుని బైబిలంతా మరాఠీలోకి తెచ్చారు. ఆమె 1922లో చనిపోతే, 1924లో పుస్తకం బయటికొచ్చింది. కేడ్గావ్ ముక్తి మిషనులో దానికి టైపు కూర్చి అచ్చువేసింది ఆడవాళ్ళే.

ఇన్ని చేసినా పుల్పిటు (గుడిలో ప్రసంగ వేదిక) మాత్రం బైబిలు స్త్రీది కాదు. బాప్తిస్మానికి ఆడవాళ్ళని సిద్ధం చేసేది ఆమె. ఏటి ఒడ్డున పొడిచీర పట్టుకుని, దుప్పటి చాటు పెట్టి నిలబడేది ఆమె. నీళ్ళలో నిలబడేది అయ్యగారు. స్త్రీల ఆదివారం నాడు, మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినాన ఆమె వాక్యం చెప్పేది, అదీ చాలా గుళ్ళలో మెట్టు కింద నిలబడి. రోమా పత్రిక 16వ అధ్యాయంలో ఫీబేని "సంఘ పరిచారకురాలు" అని పౌలు పరిచయం చేసిన వాక్యం ఆ రోజున తప్పకుండా చదివేవాళ్ళు. 2013లో నంద్యాల డయాసిస్‌కి ఎగ్గోని పుష్పలలితగారు బిషప్పుగా వచ్చి, దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి స్త్రీ బిషప్పు అయ్యారు. ఆ వార్త విన్న రోజున మొదట గుర్తొచ్చింది ఆ తెల్లచీరలే.

ఇప్పుడు ఫోన్లో బైబిలు ఉంది, వినిపిస్తుంది కూడా. మంచిదే. కానీ గొలుసు పద్ధతిలో నేర్చుకున్న అవ్వలు ఇంకా కొందరున్నారు. వాళ్ళ నోట ఉన్న వరసలు, వాళ్ళు విన్న అర్థాలు రికార్డు చేసి పెట్టుకోవాలనుకుంటే ఒకటి రెండు మెళకువలు. ఫోను ఆమె ముఖం ముందు పెట్టకండి, ఒళ్ళో పక్కన బోర్లించి పెట్టండి. "పాట పాడవ్వా" అంటే సిగ్గుపడుతుంది. చేతికి చిక్కుడుకాయలో, చింతపండో ఇచ్చి కూర్చోబెట్టండి. చేతులు పనిలో పడితే గొంతు వస్తుంది. ఫ్యాను ఆపండి, ఆ చప్పుడు గొంతుని మింగేస్తుంది. రెండుసార్లు చెప్పించండి, రెండోసారి నిదానంగా చెబుతుంది. "నాకేమీ కలుగదు" అంటే దిద్దకండి, అలాగే ఉండనివ్వండి. దుడ్డుకఱ్ఱ దగ్గర ఆగిపోతే మీరు అందివ్వకండి. అయిదు లెక్కపెట్టండి, ఆ మాట ఆమే చెబుతుంది.